చదివింపుల కాడ పాట

క్యాసెట్టు కిటికీలోంచి చూస్తే రీలు అంచున తెల్లటి చుక్కలు కనిపించాయి. జయరాం దాన్ని ట్యూబులైటు కిందికి తిప్పి, కళ్లద్దాలు నుదుటి మీదికి జరిపి మళ్లీ చూశాడు.

"బూజు పట్టినాది తిమ్మక్కా. యాడ పెట్టింటివి?"

"ట్రంకు పెట్లో అన్నా. చీరల అడుగున."

తిమ్మక్క బల్లకు ఇవతల ప్లాస్టిక్ కుర్చీ అంచున కూర్చుని ఉంది. నందవరం అవతలి పల్లె నుంచి పొద్దున్నే ఆటో పట్టుకుని ఎమ్మిగనూరుకు వచ్చింది. క్యాసెట్టు మీది కాగితంలో సగం చెదలు తినేసింది. మిగిలిన సగం మీద పెండ్లి తేదీ, తొంభై తొమ్మిది అని సంవత్సరం. రాత జయరాందే. పెండ్లి వీడియో తీసింది కూడా అతనే.

ఎమ్మిగనూరులో క్యాసెట్టులోని బొమ్మను పెన్‌డ్రైవులోకి ఎక్కించే దుకాణం అదొక్కటే మిగిలింది. ముందు భాగంలో జయరాం భార్య యశోద జిరాక్స్ మిషన్ నడుపుతుంది. వెనక చెక్క అడ్డం దాటితే బల్ల, రెండు డెక్కులు, ఒక పాత కంప్యూటరు. ఆ కంప్యూటరులో టీవీ ట్యూనర్ కార్డు. డెక్కులోంచి వచ్చే బొమ్మ పసుపు వైరు గుండా, మాట తెల్ల వైరు గుండా ఆ కార్డులోకి పోతాయి. కార్డు వాటిని ఫైలుగా మారుస్తుంది. పక్కది పరుపుల దుకాణం. అక్కడ దూది ఏకే మిషన్ పొద్దుటి నుంచి సాయంత్రం దాకా తిరుగుతూనే ఉంటుంది.

"సోమవారం ఆదోనిలో విచారణ ఉండాది" అంది తిమ్మక్క. "పెండ్లిపొద్దు చదివింపుల కాడ మా నాయిన మైకులో చెప్పినాడన్నా. రోడ్డు పక్క రెండెకరాలు పాపకు పసుపు కుంకుమ కింద ఇస్తాండానని. మైకు పట్టిన మారెప్ప పోయె. మా నాయిన పోయె. ఇప్పుడు మా తమ్ముడు యాడ చెప్పినాడు, ఎవరు విన్నారు అంటాండాడు."

"ఈరేషా?"

"వాడే. ఇరవై ఐదేండ్లు ఆ చేను నేనే ఇత్తినాను. పాసుబుక్కులో పేరు మార్పించుకోవాలని తోచలే. మొన్న సర్వేలో వాని పేరు ఎక్కె. సోలారోళ్లు వచ్చి రోడ్డు పక్క చేన్లు అడుగుతాండారు గదా, వానికి అప్పుడు గుర్తొచ్చె, అది నాయిన చేనని."

"క్యాసెట్టులో ఉందని నీకెట్ల తెలుసు? చూసినావా?"

"ఒకపారి డెక్కు బాడుగకు తెచ్చినారు. తాళి కట్టే కాడికి కరెంటు పాయె. ఆ తర్వాత చూళ్లే. మైకులో చెప్పింది నా చెవులతో విన్నాను, నేను వింటే సాక్ష్యం కాదంట. లాయరమ్మ శోభ అడిగింది, ఇంగెవరన్నా ఉన్నారా, యాడన్నా రాసినారా అని. అప్పుడు క్యాసెట్టు గుర్తొచ్చె."

జయరాం తల ఊపాడు. చిన్న స్క్రూడ్రైవరు తీసి క్యాసెట్టు వెనకవైపు ఐదు మరలు విప్పాడు. పై మూతను జాగ్రత్తగా పక్కకు పెట్టి, స్పిరిట్టులో తడిపిన మెత్తటి గుడ్డను రెండు వేళ్ల మధ్య పట్టి, రీలు చక్రాన్ని మరో చేత్తో తిప్పుతూ అంచును తుడిచాడు. గుడ్డ బూడిద రంగుకు తిరిగినప్పుడల్లా మడత మార్చాడు. గంటన్నర పట్టింది. తిమ్మక్క ఆ చేతులనే చూస్తూ కూర్చుంది.

"బూజు పట్టిన రీలు డెక్కులో ఒక్కసారే నడవాల" అన్నాడు జయరాం. "రెండోసారికి నలగొచ్చు, తెగొచ్చు. అందుకని ముందు వేరే క్యాసెట్టు పెట్టి అంతా సరిగ్గా ఉందా చూసి, అప్పుడు దీన్ని పెడతాను."

ఎవరో తీసుకుపోవడం మరిచిన బడి వార్షికోత్సవం క్యాసెట్టు ఒకటి ఉంది. దాన్ని డెక్కులో తోశాడు. డెక్కు గరగరమని లాక్కుంది. కంప్యూటరు తెర మీద కిటికీ తెరుచుకుంది. అంతా నీలం. బొమ్మ లేదు.

పసుపు వైరు పీకి మళ్లీ గుచ్చాడు. నీలమే. వైరు మార్చాడు. రెండో డెక్కు పెట్టాడు. కంప్యూటరులో పరికరాల పట్టీ తెరిచి వేలితో వరసగా కిందికి వచ్చాడు. కార్డు పేరు ఉండవలసిన చోట ఏమీ లేదు.

"ఏమన్నా?"

"కార్డు కనపడలే."

కంప్యూటరు ఆపి పక్క రేకు ఊడదీశాడు. కార్డును రెండు చివరలా పట్టి మెల్లగా పైకి లాగి, దాని బంగారు రంగు పళ్లను రబ్బరుతో రుద్ది, ఊది, మళ్లీ గాడిలో అదిమాడు. ఈసారి పట్టీలో పేరు వచ్చింది. బొమ్మ కూడా వచ్చింది. పిల్లలు వరసలో నిలబడి ఉన్నారు. రెండు నిమిషాలకు ఆ వరస అడ్డంగా చీలింది, తెర మీద గీతలు పడ్డాయి, కంప్యూటరు బిగుసుకుపోయింది. గాడి మార్చినా అంతే. మూడోసారి ఆ రెండు నిమిషాలు కూడా లేవు.

"నిన్న సాయంత్రం గూడ నడిచె" అన్నాడు జయరాం, ఎవరితోనో అన్నట్టు.

తిమ్మక్క కాసేపటికి లేచింది. "రేపొస్తాను. క్యాసెట్టు నీ కాడనే ఉండనీ" అని వెళ్లింది.

*

శుక్రవారం పదకొండు గంటలకు దుకాణం ముందు బైకు ఆగింది. ఈరేష్ దిగి, యశోద ముందు ఆధార్ కార్డు పెట్టాడు.

"ఒక కాపీ తియ్యి వదినా."

యశోద తీసి ఇచ్చింది. అతను దాన్ని చూడకుండానే నాలుగు మడతలు పెట్టి జేబులో వేసుకుని, చెక్క అడ్డం దాటి లోపలికి వచ్చాడు. తెల్ల చొక్కా, చేతిలో రెండు ఫోన్లు. జయరాం కార్డును వెలుగుకు పట్టి చూస్తున్నాడు.

"బాగుండావా జయరామన్నా?"

"రాప్పా. కూర్చో."

ఈరేష్ నిన్న అక్క కూర్చున్న కుర్చీలోనే కూర్చున్నాడు. బల్ల మీద మూత తీసి ఆరబెట్టిన క్యాసెట్టు వైపు చూశాడు.

"ఇదేనా? మా నాయిన గుర్తుకు మాకిది తప్ప ఇంగేముందన్నా. బొమ్మ బాగొస్తాదా?"

"ఇంగా చూళ్లే. కార్డు చెడిపోయినాది."

"అయ్యో." అతను ముందుకు వంగి తెరిచిన కంప్యూటరులోకి చూశాడు. "పాత మిషన్లు గదా. ఎన్ని దినాలని నడుస్తాయి. పాత క్యాసెట్టు, పాత మిషన్. రెంట్లో ఏది పోయినా నిన్ను తప్పు పట్టేటోడెవడు?"

జయరాం కార్డును బల్ల మీద పెట్టాడు.

"మా అక్క ఊరికినే తిరుగుతాంది, ఎండల పడి" అన్నాడు ఈరేష్. "నేను చూసుకోనా ఆమెను? కడుపుకు లేకుండా చేస్తానా? మధ్యలో ఆ లాయరమ్మ లేనిపోనివి ఎక్కించె." లేచి చొక్కా కిందికి లాక్కున్నాడు. అడ్డం దగ్గర ఆగి బయటకు తలతో చూపించాడు. "వదిన దినామంతా ఒక్కతే కూర్చుంటాది కదా, ముందర. రోడ్డు మీదనే. జాగ్రత్తన్నా, ఈ బజార్లో బండ్లు ఎట్ల పోతాండాయో నువ్వు చూస్తాండావు."

అతని బైకు మలుపు తిరుగుతుండగా తిమ్మక్క అవతలి వైపు నుంచి వచ్చింది. బైకును చూసింది. లోపలికి వచ్చి కూర్చోలేదు.

"మిషన్ నడిచెనా?"

"లేదు తిమ్మక్కా. కార్డు నడిపే సాఫ్ట్‌వేరు తీసి మళ్లీ వేసినాను, అయినా..."

"వాడెందుకు వచ్చినాడు?"

"జిరాక్స్‌కు వచ్చినాడు."

"మా ఊరి కాడ జిరాక్స్ లేదా? ఎమ్మిగనూరు దాకా రావాల్నా?" ఆమె గొంతు పెంచలేదు. "మిషన్ చెడిపాయెనా అన్నా, చెడగొట్టినావా?"

జయరాం ఎదురుగా రేకు ఊడిన కంప్యూటరు ఉంది. అందులో ఏది ఎందుకు పనిచేయడం లేదో అతనికే తెలియదు. చెడగొట్టలేదని ఏది చూపించి చెప్పాలి?

తిమ్మక్క క్యాసెట్టు రెండు ముక్కలనూ, మరలనూ కొంగులో పెట్టుకోబోయింది. జయరాం చేయి అడ్డం పెట్టి, "ఆగు, అట్ల తీస్కపోతే రీలు జారుతాది" అని, మూత పెట్టి, ఐదు మరలూ బిగించి ఇచ్చాడు. ఆమె ఒక్కో మరను లెక్కపెడుతున్నట్టు చూసి, తీసుకుని వెళ్లింది.

మధ్యాహ్నం అన్నం తింటూ యశోద అంది:

"కార్డు పాయెనని చెప్పి ఊరుకో. అబద్ధం గూడ కాదు గదా."

"అదే చిక్కు" అన్నాడు జయరాం. "అబద్ధమైతే చెప్పేకి భయపడేటోణ్ణి."

"వాడు నా గురించి ఏమన్నాడో నాకు వినపడింది."

జయరాం కలిపిన ముద్ద అలాగే పట్టుకున్నాడు.  సాయంత్రం ఆమె జిరాక్స్ మిషన్‌ను గుమ్మం దగ్గర నుంచి రెండడుగులు లోపలికి జరిపించింది.

*

శనివారం పొద్దున కంప్యూటరు డబ్బాను పాత దుప్పట్లో చుట్టి, ఒళ్లో పెట్టుకుని, ఆదోని బస్సెక్కాడు. గుంతలో చక్రం పడ్డప్పుడల్లా డబ్బాను ఒంటికి అదుముకున్నాడు. పక్కన కూర్చున్నాయన, "టీవీనా?" అని అడిగాడు. "టీవీ లాంటిదే" అన్నాడు.

పాత కంప్యూటర్లు బాగుచేసే ఖాజా దుకాణం ఒక జిన్నింగు మిల్లు గోడను ఆనుకుని ఉంది. గుమ్మం నుంచి వెనక గోడ దాకా పాత కంప్యూటర్లు నిలువెత్తు పేర్చి ఉంటాయి. ఆయన వాటి మధ్య గోనెపట్టా మీద కూర్చుని ఉన్నాడు.

"క్యా జయరాం భాయ్, శవాన్ని మోసుకొచ్చినట్టు మోసుకొచ్చినావే!"

"చావలేదని చెప్తావనే వచ్చినాను. ఈ కార్డుకు జత ఉందా నీ కాడ?"

"జరా ఆగు." ఖాజా రెండు అట్టపెట్టెలు తలకిందులుగా కుమ్మరించి, అరగంట వెతికి, అదే రకం కార్డు తీశాడు. దుమ్ము తుడిచి గాడిలో గుచ్చాడు. పేరు వచ్చింది. రెండు నిమిషాలు. తర్వాత గీతలు, ఆ తర్వాత బిగుసుకుపోవడం.

ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు.

"అయితే కార్డు కాదు" అన్నాడు ఖాజా. మీటరు తీసి, నల్ల కడ్డీని డబ్బా రేకుకు ఆనించి, ఎర్ర కడ్డీని పవర్ సప్లై నుంచి వచ్చే పసుపు వైరులో గుచ్చాడు. "పన్నెండు రావాల ఈడ. పది పాయింట్ మూడు. చూస్తాండావా, దిగుతాంది. పది." కంప్యూటరు ఆపి పవర్ సప్లై డబ్బా విప్పాడు. ఫ్యాను రెక్కల చుట్టూ దూది చిక్కగా చుట్టుకుని ఉంది. వేలితో నెడితే రెక్క కదల్లేదు. దాని కింద మూడు కెపాసిటర్ల తలలు ఉబ్బి ఉన్నాయి.

"పక్కన పరుపులాయప్ప గదా నీకు? ఆదోనిలో అన్నిటికీ ఇదే బీమారి. ఫ్యాను తిరగలే, లోపల కాగింది. భాయ్, నీ కార్డు చావలేదు. దానికి అన్నం అందలేదు, అంతే."

జయరాం నవ్వాడు. మూడు రోజుల్లో అదే మొదటిసారి. ఖాజా వేరే పవర్ సప్లై బిగించి మీటరు పెట్టాడు. పన్నెండు పాయింట్ ఒకటి. పాత కార్డే పెట్టారు. వార్షికోత్సవం పిల్లలు గంటసేపు చీలకుండా నిలబడ్డారు. పాట కూడా సరిగ్గా వచ్చింది. ఆ పాట విన్నప్పుడు జయరాం నవ్వు ఆగింది.

"ఏమాయె?" అన్నాడు ఖాజా.

"ఏం లేదు. ఆ దినాల్లో మిక్సింగ్ ఎట్ల చేస్తుంటిమో గుర్తొచ్చె."

"హా, ఎట్ల చేస్తుంటివి? అందరి పెండ్లికీ అవే నాలుగు పాటలు!"

జయరాం డబ్బాను దుప్పట్లో చుట్టడానికి ఎక్కువసేపు తీసుకున్నాడు.

ఆదోని బస్టాండులో ఉండగా ఫోను మోగింది. ఈరేష్.

"ఆదోనికి పోయినావంటనే అన్నా. రిపేరు అయెనా?"

తాను ఆదోని పోతున్నట్టు జయరాం యశోదకు తప్ప ఎవరికీ చెప్పలేదు. తల ఎత్తి చూశాడు. ఎమ్మిగనూరు బస్సు ముందు పదిమంది నిలబడి ఉన్నారు. ఎవరూ అతని వైపు చూడటం లేదు.

"అయింది" అన్నాడు.

"మంచిది" అని అవతల పెట్టేశాడు.

*

ఆదివారం తిమ్మక్క వచ్చేసరికి పదైంది. క్యాసెట్టును బల్ల మీద పెట్టి, చేయి దాని మీదనే ఉంచింది. జయరాం పాత పవర్ సప్లై డబ్బాను ఆమె ముందు పెట్టి విప్పాడు. ఫ్యానుకు చుట్టుకున్న దూదిని చూపించాడు. ఆమె వేలితో పీకి చూసింది. పక్క దుకాణంలో మిషన్ తిరుగుతూనే ఉంది. ఆమె ఆ చప్పుడు వైపు ఒకసారి తల తిప్పి, క్యాసెట్టు మీది నుంచి చేయి తీసింది.

జయరాం డెక్కు హెడ్డు తుడిచాడు. కంప్యూటరులో ఎక్కించే బటను నొక్కి, క్యాసెట్టు తోశాడు.

బొమ్మ వచ్చింది. రంగులు కొంచెం ఎర్రబారాయి, కింది అంచున సన్నటి గీత వణుకుతోంది, అంతే. పందిరి, సన్నాయి మేళం, అరటి మొక్కలు. పోయినవాళ్లు నడుస్తూ వచ్చి కెమెరాను చూసి నవ్వుతున్నారు. తిమ్మక్క ఒక్కొక్కరి పేరు చెబుతూ ఉంది. తాళి కట్టడం అయింది. అక్షింతలు అయ్యాయి. యశోద కూడా వచ్చి అడ్డం దగ్గర నిలబడింది.

"ఇంగ చదివింపులే" అంది తిమ్మక్క. కుర్చీ ముందుకు లాక్కుంది.

తెర మీద మారెప్ప మైకు పట్టుకుని వచ్చాడు. అతని పెదవులు కదిలాయి. వినిపించింది సినిమా పాట.

మారెప్ప పక్కకు జరిగాడు. తిమ్మక్క నాయిన బసన్న మైకు ముందుకు వచ్చాడు. తలపాగా సర్దుకున్నాడు. మైకును ఊది చూశాడు. మాట్లాడటం మొదలుపెట్టాడు. పాటలో అమ్మాయి గొంతు అయిపోయి అబ్బాయి గొంతు అందుకుంది. బసన్న కుడి చేయి ఎత్తి రెండు వేళ్లు చూపించాడు. చుట్టూ ఉన్నవాళ్లు చప్పట్లు కొట్టారు. చప్పట్లు కూడా వినిపించలేదు.

"సౌండు సరిగ్గా పెట్టన్నా" అంది తిమ్మక్క. "తెల్ల వైరు చూడు. మా నాయిన మాట రాలేదు. ఆ పాటేంది, రేడియోదా?"

జయరాం తెల్ల వైరును ముట్టుకోలేదు.

"వైరు బాగుండాది తిమ్మక్కా. మిషన్ బాగుండాది."

"మరి?"

"చదివింపుల కాడ పాట వేస్తుంటిమి. ఎవరు ఎంత చదివించినారో క్యాసెట్టులో వినపడితే తక్కువ చదివించినోళ్లకు నామోషీ. ప్రతి పెండ్లిలోనూ చెప్తుంటిరి, ఆడ పాట ఎయ్యప్పా అని. కొన్నాళ్లకు చెప్పకపోయినా నేనే వేస్తుంటిని." అతను తెరవైపే చూస్తూ చెప్పాడు. "మీ నాయిన మాట తీసేసింది నేనే."

"కెమెరాలో పెట్టిన అసలు క్యాసెట్టు ఏమాయె?"

"దాని మీదనే మళ్లీ వేరే పెండ్లి తీసింటాను."

"నువ్వు ఎదురుగా ఉంటివి గదా. విన్నావు గదా."

జయరాం నిన్న బస్సులో దారి పొడుగునా ఆ మాటనే గుర్తు తెచ్చుకోవాలని చూశాడు. బసన్న తలపాగా గుర్తొచ్చింది. లైటు పట్టుకున్నవాడు వైరు తట్టుకుని పడబోవడం గుర్తొచ్చింది. మాట గుర్తు రాలేదు.

"చెవులకు పని పెట్టలేదు తిమ్మక్కా. కన్ను ఫ్రేములోనే ఉండె. విన్నానని చెప్తే అబద్ధం."

ఆమె అతన్ని తిట్టలేదు. తిడితే బాగుండుననిపించింది జయరాంకు. పాట సాగుతోంది. తెర మీద కెమెరా పెండ్లిపీటల వైపు తిరిగింది. పెండ్లికూతురు తల వంచుకుని కూర్చుని ఉంది, బాసికం ముక్కు దాకా దిగింది. చుక్కల ముసుగులోంచి గడ్డం మాత్రం కనిపిస్తోంది. ఆమె ముందుకు ఒక తట్ట వచ్చింది. తట్టలో పసుపు, కుంకుమ, కొబ్బరిగిన్నె, మధ్యలో నల్లమట్టి పెడ్డ. రెండు చేతులు ఆ పెడ్డను తీసి ఆమె ఒళ్లో పెట్టాయి.

"చేని మట్టి" అంది తిమ్మక్క మెల్లగా. "మా ఇండ్లలో చేను ఇస్తే అట్లే ఇస్తారు. ఒళ్లో పడింది గుర్తుండాది. చల్లగా ఉండె."

తట్ట పట్టిన చేతుల వెంట కెమెరా పైకి లేచింది. అప్పటి జయరాం ఎందుకు లేపాడో, ఊరికే లేపి ఉంటాడు. అప్పుడప్పుడే మీసం వస్తున్న మనిషి, పంతొమ్మిదేండ్లుంటాయి. కొత్త చొక్కా. మట్టి అంటిన అరచేతులను తట్ట అంచుకు తుడుచుకుని, వంగి, అక్క చెవిలో ఏదో చెప్పి, కెమెరాను చూసి నవ్వాడు.

యశోద అడ్డం వదిలి రెండడుగులు లోపలికి వచ్చింది.

"వీడా? ఈరేషా?" అంది తిమ్మక్క. "తల వంచుకోనుంటి. చేతులే కనపడె. చెవిలో అన్నది చప్పట్ల మోతలో వినపడలే." తెరకు దగ్గరగా వంగింది. "నేను మా నాయిన చేతులనుకుంటి, ఇన్నేండ్లు."

క్యాసెట్టు చివరిదాకా నడిచింది. డెక్కులోంచి తీసేసరికి రీలు రెండు చోట్ల నలిగి ఉంది.

*

లాయరు శోభ ఫోనులో అంతా విని, ఆ ముక్కను మళ్లీ చెప్పించుకుంది. "మాట లేకపోయినా నష్టం లేదు. తమ్ముడే తన చేతులతో మట్టి ఇచ్చినాడు కదా, తెలీదనలేడు. కానీ బొమ్మ ఒక్కటే ఇస్తే తీసుకోరు జయరాం గారూ. కంప్యూటరులోకి ఎక్కించినవాళ్లు ధ్రువపత్రం ఇవ్వాలి. నమూనా పంపిస్తాను, సంతకం చేసి రేపు పొద్దున తెండి. అది లేకపోతే పెన్‌డ్రైవు ముట్టుకోరు."

యశోద నమూనాను ఫోను నుంచి ప్రింటు తీసింది. ఒకటే పేజీ. జయరాం కళ్లద్దాలు పెట్టుకుని చదివాడు. నాలుగో వాక్యం దగ్గర ఆగాడు. 'సదరు కాలమంతటా సదరు కంప్యూటరు సక్రమంగా పనిచేసింది.'

తిమ్మక్క మూడు గంటల ఆటోకు వెళ్లిపోయింది. అతను పెన్ను మూత తీసి, పెట్టి, తీసి కూర్చున్నాడు. నాలుగుకు బైకు ఆగింది.

ఈరేష్ ఈసారి జిరాక్స్ అడగలేదు. నేరుగా లోపలికి వచ్చి, బల్ల మీది కాగితాన్ని తలకిందులుగానే చదివాడు.

"సక్రమంగా పనిచేసిందని రాస్తాండావే. గురువారం నించి నీ మిషన్ పడిపోయినాదని బజారంతా తెలుసు. ఆదోనిలో రిపేరు అయిందని నీ నోటితోనే చెప్తివి. దీని కింద సంతకం పెడితే అబద్ధమైతాది గదన్నా. నీకు అబద్ధం పడదు గదా."

 అతను అన్నది నిజమే.

"చూపించు" అన్నాడు ఈరేష్.

"ఏంది?"

"ఏముందో చూపించు. మా నాయినది గదా. నేను చూడకూడదా?"

జయరాం ఫైలు తెరిచి ఆ చోటికి జరిపాడు. పాట మొదలైంది. బసన్న తలపాగా సర్దుకున్నాడు. ఈరేష్ ముఖంలో ఏమీ మారలేదు. తట్ట వచ్చింది. చేతులు వచ్చాయి. ముఖం వచ్చింది. తెర మీది మనిషి నవ్వాడు.

ఈరేష్ రెండు ఫోన్లనూ బల్ల మీద పెట్టాడు.

"మళ్లీ ఎయ్యి."

మళ్లీ వేశాడు. ముఖం దగ్గర ఈరేష్ చేయి చాపి తనే ఆపాడు. ఆగిన బొమ్మ కింద గీత వణుకుతూ ఉంది. చాలాసేపు చూశాడు. పక్క దుకాణంలో దూది మిషన్ ఆగింది. ఆదివారం, వాళ్లు తొందరగా కట్టేస్తారు.

"ఇది నేను కాదు" అన్నాడు.

జయరాం తెర మీది ముఖాన్ని, పక్కన ఉన్న ముఖాన్ని చూశాడు. చెవి తమ్మె దగ్గరి మచ్చ రెంటిలోనూ ఉంది.

"ఎవరో పెండ్లికొచ్చినోడు. ఆ దినాల్లో అందరూ అట్లనే ఉంటిరి, బక్కగా. ఎవరని చెప్తావు నువ్వు? పేరు రాసుందా బొమ్మ మీద?" అతను ఫోన్లు తీసుకున్నాడు. గొంతు మామూలుగానే ఉంది. "తీసినోడివి నువ్వే. వాడెవడో నువ్వు చెప్తేనే కదా. నువ్వు చెప్పనంత వరకు వాడెవడూ కాదు."

బయటకు వెళ్లాడు. బైకు స్టార్టు చేయలేదు. ఎదురుగా మూసిన దుకాణం అరుగు మీద కూర్చుని, ఫోను చూసుకుంటూ ఉన్నాడు. కాసేపటికి ఇంకో ఇద్దరు వచ్చి అతని పక్కన కూర్చున్నారు. వాళ్లు ఫోన్లు చూసుకోవడం లేదు. దుకాణం లోపలికి చూస్తున్నారు.

జయరాం పెన్ను తీశాడు. నాలుగో వాక్యాన్ని అడ్డంగా కొట్టేశాడు. కింద ఖాళీలో రాయడం మొదలుపెట్టాడు. గురువారం పొద్దుటి నుంచి శనివారం మధ్యాహ్నం దాకా కంప్యూటరు పనిచేయలేదు. పవర్ సప్లై నుంచి పన్నెండుకు బదులు పది వోల్టులు వచ్చినందున కార్డు ఆగిపోయింది. పవర్ సప్లై మార్చినాను. కార్డు మార్చలేదు. ఆదివారం ఒకే విడతలో ఎక్కించినాను. ఈ లోపం వల్ల బొమ్మలో ఏ మార్పూ లేదు. చదివింపుల సమయంలో మాటలు వినిపించకపోవడానికి కారణం మిషన్ కాదు. తొంభై తొమ్మిదిలో ఆ మాటలు తీసేసి పాట వేసింది నేనే.

ప్రతి వాక్యం రాశాక దాన్ని మళ్లీ చదివాడు. ఎక్కడా అబద్ధం లేదు. సంతకం పెట్టాడు. కాగితాన్ని యశోదకు ఇచ్చాడు.

"రెండు కాపీలు తియ్యి."

యశోద కాగితాన్ని మిషన్ దగ్గరికి తీసుకుపోయింది. మూత ఎత్తింది. బోర్లించలేదు. నిలబడి మొదటి నుంచి చదివింది. చదివి, అరుగు మీద కూర్చున్న ముగ్గురి వైపు చూసింది. వాళ్లు ఆమెనే చూస్తున్నారు. మొన్న లోపలికి జరిపిన మిషన్ దగ్గర నుంచి కూడా రోడ్డు అంతా కనిపిస్తుంది.

కాగితంతో వెనక్కి వచ్చింది.

"తట్ట పట్టినోని పేరు రాయలే నువ్వు."

"లాయరమ్మ అడగలేదు."

"నీకు తెలుసా, తెలీదా?"

"తెలుసు."

"ముందర కూర్చునేది నేను" అంది యశోద. "వాడు చెప్పింది నా గురించి. నేను చెప్తాండాను, రాయి."

ఆమె కాగితాన్ని అతని ముందు పెట్టి, కదలకుండా అంచును రెండు వేళ్లతో అదిమి పట్టుకుంది. జయరాం సంతకం కింద మిగిలిన చోటును చూశాడు. ఒక్క వరసకే జాగా ఉంది. మెల్లగా, తొంభై తొమ్మిదిలో క్యాసెట్ల మీద పేర్లు రాసినట్టు గుండ్రటి అక్షరాలతో రాశాడు. 'తట్టలోని మట్టిని పెండ్లికూతురి ఒళ్లో పెట్టిన మనిషి ఈరేష్, తండ్రి బసన్న. నాకు తెలుసు.'

దాని కింద ఇంకోసారి సంతకం పెట్టడానికి చోటు లేదు. పక్కన అంచులో పెట్టాడు.

యశోద కాగితాన్ని మిషన్ మీద బోర్లించింది. వెలుగు ఒక చివర నుంచి ఇంకో చివరకు పోయింది. ఎదురు అరుగు మీది నుంచి ఒకడు లేచి రోడ్డు దాటడం మొదలుపెట్టాడు. రెండో కాపీ బయటికి వస్తోంది. ఆమె దాని కోసం చేయి చాపి నిలబడింది.